నల్ల నారు

అమృతలూరు దగ్గర పాతకాలపు పద్ధతిలో సాగు చేసే వీరరాఘవమ్మ గారి పొలంలో అతిథి గది అద్దెకు తీసుకున్న మొదటి ఉదయమే, భార్య లేచేలోగా ఏదైనా ఒక పొలం పని చేసి చూపించాలని సామ్యేలు నిశ్చయించుకున్నాడు. తెనాలిలో గుమాస్తాగా రిటైరైన ఈ పెద్దమనిషి, పెళ్లయిన ముప్పై ఏళ్లుగా పుష్పలతతో "మేం రైతుబిడ్డలం" అంటూనే ఉన్నాడు. నిజానికి తాతగారి పొలంలో ఆయన దిగింది ఒక్కసారే, అదీ కాలు జారి. ఇప్పుడైనా ఆ మాట నిలబెట్టుకోకపోతే ఇక ఈ జన్మకు లేదు.

నారుమళ్ల దగ్గరికి వెళ్లి ఠక్కున ఆగిపోయాడు. చుట్టూ పచ్చటి నారు, మధ్యలో ఒక్క మడి మాత్రం నల్లగా, ఊదాగా ఉంది. తెగులు! పంచె ఎగ్గట్టి దిగాడు. పక్క మడులకు అంటకముందే ఉన్నదంతా పీకి గట్టున పోశాడు.

పక్క పొలం చిన్నయ్య అటుగా వస్తూ ఆగాడు. "ఏంటండి, అలా పీకేస్తున్నారు?"

"తెగులయ్యా! నేను చూశాను కాబట్టి సరిపోయింది. మీ పొలాలు కూడా చూసుకోండి."

అలాంటి ఆకు చిన్నయ్య కూడా ఎన్నడూ చూడలేదు. వెంటనే ఫోను తీశాడు. అరగంటలో ఏడుగురు రైతులు మందు డబ్బాలు వీపున తగిలించుకుని దిగారు. కాఫీ తెస్తున్న వీరరాఘవమ్మ వాళ్లను చూసి గట్టుకు అడ్డంగా నిలబడింది.

"ఆగండి! పదేళ్లుగా ఈ నేల మీద మందు చుక్క పడనివ్వలేదు. తెగులని ఎవరన్నారు?"

ఏడు వేళ్లు సామ్యేలు వైపు తిరిగాయి. అప్పుడు ఆమెకు గట్టున పోసిన నారు కనపడింది. కాఫీ గ్లాసుతోనే కూలబడిపోయింది.

"అన్నయ్యగారూ, అది నల్ల వరి అండి. దాని ఆకు రంగే అంత. గుప్పెడు విత్తనం కోసం రెండేళ్లు తిరిగాను. ఉన్నదంతా ఇదే."

భూమి తనను మింగేస్తే బాగుండుననిపించింది సామ్యేలుకు. మోకాళ్ల దాకా అప్పటికే మింగింది.

"రేపు ఎలాగూ పీకి నాటాల్సిందేనండి, నాటే మడిలో నీళ్లు పెట్టి దున్ని దమ్ము కూడా చేసి ఉంచాం. కానీ నాట్లేసేవాళ్లు రేపు గానీ రారు. ఎండెక్కితే వేళ్లు ఎండిపోతాయి," అంది వీరరాఘవమ్మ.

రైతులు తలలు దించుకున్నారు. "నాట్లు ఆడవాళ్ల పనండి. మాకు చేతకాదు," అన్నాడు చిన్నయ్య.

గోల విని వచ్చిన పుష్పలత నారును ఒకసారి చేత్తో తడిమి, చీర కుచ్చిళ్లు పైకి దోపింది. "ముందు వేళ్లు నీళ్లలో ముంచండి. ఆ డబ్బాలు దించి, వరసలో నిలబడండి. లోతుగా గుచ్చకండి బాబూ! ఏవండీ, నాటేటప్పుడు వెనక్కి నడవాలి. మీరు ముందుకొస్తూ నాటినవన్నీ తొక్కేస్తున్నారు."

పదిన్నరకు చివరి మొక్క కూడా నేలలో దిగింది. వీరరాఘవమ్మ పుష్పలత చేతులు పట్టుకుని వదల్లేదు.

"నీకివన్నీ ఎలా తెలుసు?" అన్నాడు సామ్యేలు, కాళ్లు కడుక్కుంటూ.

"పెళ్లయ్యేదాకా రేపల్లె దగ్గర మా అమ్మతో నాట్లకెళ్లేదాన్ని."

"ముప్పై ఏళ్లలో ఒక్క మాటైనా చెప్పలేదే!"

"మీరంత సంబరంగా చెప్పుకుంటుంటే, మధ్యలో అడ్డం రావడం ఎందుకులే అనుకున్నాను."

సామ్యేలుకు సిగ్గేసింది. దాని వెనకే ఆమె మీద ప్రేమ ముంచుకొచ్చింది. ఆయన ఇప్పటికీ "మేం రైతుబిడ్డలం" అంటూనే ఉన్నాడు, కాకపోతే అనేముందు భార్య వైపు ఒకసారి చూస్తున్నాడు.