తోడల్లుళ్ల కార్లకి మామగారి పరీక్ష

ఆ సోమవారం పొద్దున్న చంద్రరావు గారు అనుకున్నది ఇంతే. ఆరింటికి కాఫీ తాగి మండపేటలో బయల్దేరి, ఎనిమిదిన్నరకల్లా సామర్లకోట భీమేశ్వరుడి గుడిలో అభిషేకానికి కూర్చోవడం. భార్య వెంకటదుర్గ కూతుళ్లిద్దరినీ వెంటబెట్టుకుని ముందురోజే అక్కడి చుట్టాలింటికి వెళ్లింది. ఈయన్ని తీసుకురావలసిన పని అల్లుళ్లది. చిక్కు అక్కడే వచ్చింది. అల్లుళ్లు ఇద్దరు, కార్లు రెండు, మామగారు ఒక్కరు.

పెద్దల్లుడు బుజ్జిబాబుకి మండపేటలోనే రైసు మిల్లు. ఆర్నెల్ల క్రితం ఎర్రటి స్పోర్ట్స్ కారు కొన్నాడు. ఇద్దరికే చోటు, నేలకి జానెడెత్తు. చిన్నల్లుడు సురేష్‌బాబుకి జంగారెడ్డిగూడెం దగ్గర పామాయిల్ తోట. అతనిది హాట్ హ్యాచ్‌బ్యాక్. హ్యాచ్ అంటే చంద్రరావు గారికి తెలిసింది రొయ్యపిల్లల హ్యాచరీ ఒక్కటే కాబట్టి, చిన్నల్లుడు ఆక్వాలోకి దిగాడని నెల్లాళ్లు అందరికీ చెప్పుకున్నారు. తీరా చూస్తే అది చూపుకి మామూలు చిన్నకారే, లోపల మాత్రం పెద్ద ఇంజను.

రెండు నెలల క్రితం ఒక పెళ్లి భోజనాల దగ్గర ఏ కారు గొప్పదన్న మాట వచ్చింది. పప్పులో మొదలై పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి తోడల్లుళ్లకి మాటల్లేకుండా పోయాయి. వాళ్లని చూసి వాళ్ల భార్యలు లక్ష్మి, అశ్విని కూడా మాట్లాడుకోవడం మానేశారు. సామర్లకోటకి అక్కచెల్లెళ్లు ఒకే బస్సులో వేరువేరు సీట్లలో కూర్చుని వెళ్లారు.

"అభిషేకం టైముకి ఆ ఇద్దర్నీ కలిపి తీసుకురండి. లేకపోతే మీరూ రావక్కర్లేదు," అని వెంకటదుర్గ చెప్పి వెళ్లింది.

ముప్పై రెండేళ్లు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసిన మనిషికి ఒకటే దారి తోచింది. బిక్కవోలు దాకా స్పోర్ట్స్ కారులో, అక్కణ్ణుంచి హ్యాచ్‌బ్యాక్‌లో. చేతిలో పాత స్టాప్‌వాచీ. ఆయన చెప్పిందే తీర్పు. సురేష్‌బాబు ముందే వెళ్లి బిక్కవోలు టీకొట్టు దగ్గర నిలబడ్డాడు.

"ముందు కూర్చోండి మావయ్యగారూ, కాళ్లు తర్వాత లాక్కోండి," అన్నాడు బుజ్జిబాబు తలుపు తీసి.

చంద్రరావు గారు కూర్చోవడం మొదలుపెట్టారు. ఎంతకీ సీటు రాలేదు. వచ్చాక చూస్తే పక్కన వెళ్తున్న సైకిల్ పెడలు ఆయన చెవికి సమానంగా ఉంది.

"నాలుగున్నర సెకన్లలో వంద అందుకుంటుందండి."

"ఎక్కడ బాబూ?"

ఎదురుగా సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంది, మిగతా సగంలో గడ్డి ట్రాక్టరు వెళ్తోంది. కారు ఇరవైలో గుర్రుమంటూ దాని వెనకే నడిచింది. అది పక్కకి తిరగ్గానే స్పీడ్ బ్రేకరు వచ్చింది.

"ఒక్కసారి దిగాలండి. బరువు తగ్గితే అడుగు తగలదు."

ఆయన దిగారు. కారు ఏటవాలుగా, పీతలా పాక్కుంటూ దాటింది. ఆయన ఎక్కారు. అనపర్తి చేరేసరికి అలా ఏడుసార్లయింది. కారు పరిగెత్తిన టైము లెక్కెయ్యాలో, తను దిగి ఎక్కిన టైము లెక్కెయ్యాలో ఆయనకి అర్థం కాలేదు. ఎనిమిదోసారి ఎక్కుతుండగా నడుములో ఏదో కలుక్కుమంది. ఇక అటూ ఇటూ కదల్లేక, స్టాప్‌వాచీ గుప్పిట్లో బిగించి గుండెలకి ఆనించుకుని కళ్లు మూసుకున్నారు. బుజ్జిబాబు సీటు వెనక్కి వాల్చాడు.

అప్పుడే పాలక్యాన్లతో మోటారుసైకిలు మీద వెళ్తున్న చినబాబు పక్కకి వచ్చాడు. మాస్టారి పాత శిష్యుడు. బండి మీంచి కారులోకి చూస్తే, నూతిలోకి చూసినట్టు, అడుగున మాస్టారు పడుకుని ఉన్నారు.

"మాస్టారికేమైందండి?"

"టైం లేదు చినబాబూ, తప్పుకో," అన్నాడు బుజ్జిబాబు పందెం ధ్యాసలో.

చినబాబు మొహం పాలిపోయింది. క్షణంలో బండి వేగం పెంచి స్పోర్ట్స్ కారుని దాటేసి, బిక్కవోలు టీకొట్టు దగ్గర చిన్నల్లుణ్ణి చూసి ఆగాడు. "సురేష్‌బాబు గారూ, మీ మావగారికి టైం లేదంటండి."

బిక్కవోలుకి రెండు కిలోమీటర్ల ఇవతల కార్లు రెండూ ఎదురుపడ్డాయి. చినబాబు కూడా వెనకే వచ్చాడు.

"ఎప్పట్నుంచి ఇలా ఉన్నారో అడుగు చినబాబూ," అన్నాడు సురేష్‌బాబు, తోడల్లుడి వైపు చూడకుండా.

"అనపర్తి నుంచని చెప్పు."

"నాకేం లేదయ్యా. నడుము పట్టింది," అన్నారు చంద్రరావు గారు.

"ఎంత గుండెధైర్యమో చూడండి," అన్నాడు చినబాబు.

ముగ్గురూ కలిసి ఆయన్ని హ్యాచ్‌బ్యాక్ వెనక సీట్లో పడుకోబెట్టారు. బుజ్జిబాబు స్పోర్ట్స్ కారుని అక్కడే చినబాబుకి అప్పగించి, ముందు సీట్లోకి ఎక్కాడు. సురేష్‌బాబు తొక్కాడు. ఈ కారు స్పీడ్ బ్రేకర్లకి ఆగలేదు. గోతులకీ ఆగలేదు. అయితే దాని స్ప్రింగులు చెక్కతో చేసినట్టున్నాయి. రోడ్డు మీద ఏ గులకరాయి ఉన్నా నేరుగా మామగారి వెన్నుపూసకి తెలుస్తోంది.

ఆయన మళ్లీ చెప్పబోయారు. "నా... కేం... లే..."

గొయ్యి.

"...దు."

సురేష్‌బాబు అద్దంలోంచి వెనక సీటు వైపు చూశాడు. "అన్నయ్యగారూ, మాట పడిపోతోందండి."

రెండు నెలల్లో అదే మొదటి పలకరింపు. బుజ్జిబాబు వెనక్కి తిరిగి చూసి, "చెయ్యి కూడా బిగుసుకుపోయింది తమ్ముడూ," అన్నాడు ఏడుపు గొంతుతో.

చంద్రరావు గారికి గుప్పిట తెరవాలనే ఉంది. కానీ తెరిస్తే వాచీ జారి సీటు కిందకి పోతుంది, పొద్దుటి నుంచి పడ్డ శ్రమ వృథా అవుతుంది. పైగా ఇంతమంది ఇంత గట్టిగా చెబుతుంటే తనకి నిజంగానే ఏదో వచ్చిందేమో, తనకే తెలియడం లేదేమోనని ఆయనకి అనుమానం మొదలైంది. కుడికాలు కదిపి చూసుకున్నారు. కదిలింది. అది తను కదిపిందో, కారు కదిపిందో తేలలేదు.

సామర్లకోట ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆయన వేళ్లు ఒక్కొక్కటే విప్పింది. లోపల స్టాప్‌వాచీ ఇంకా తిరుగుతోంది.

"ఇదేంటండి?"

"రెండు గంటల పన్నెండు నిమిషాలండి," అన్నారాయన.

ఆవిడ వీపు నొక్కి చూసి నవ్వింది. "నడుము పట్టిందంతే. రెండు మాత్రలు రాస్తాను. ఏ పని చేశారు?"

"కారులో కూర్చున్నానండి."

ఈలోగా కబురంది వెంకటదుర్గ వచ్చింది. వెనకాల లక్ష్మి, అశ్విని ఒకరి భుజం ఒకరు కన్నీళ్లతో తడుపుకుంటూ వచ్చారు. ఆటోలోనే ఇద్దరికీ మాటలు కలిశాయట. వరండాలో తోడల్లుళ్లు ఒక గ్లాసులో టీ రెండుగా పోసుకుని తాగుతున్నారు. వెంకటదుర్గ అటు చూసి, ఇటు చూసి, "కలపమన్నాను గానీ, ఇంత పని పెట్టుకోమన్నానా?" అంది.

ఇక తీర్పు చెప్పే సమయం వచ్చిందని చంద్రరావు గారు దిండు కింద చెయ్యి పెట్టి కాస్త లేచారు. రెండు కార్ల గురించీ ఆయన చెప్పదలుచుకున్నవి చాలా ఉన్నాయి. అల్లుళ్లిద్దరూ లోపలికి వచ్చారు.

"మీరేం శ్రమపడకండి మావయ్యగారూ. మేమిద్దరం మాట్లాడుకున్నాం," అన్నాడు బుజ్జిబాబు.

"అన్నయ్యగారి కారులో ఏ లోపం లేదండి," అన్నాడు సురేష్‌బాబు.

"తమ్ముడి కారులో అసలే లేదండి. లోపమల్లా మీ నడుములో ఉంది. అదొక్కటి చూపించుకోండి."

ఆయన ఏదో అనేలోపే, రోడ్డు మీద చినబాబుకి వదిలేసిన స్పోర్ట్స్ కారు కోసం ఇద్దరూ ఒకే కారెక్కి, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకోవడం ఒక్కటే తక్కువగా, కబుర్లాడుకుంటూ వెళ్లిపోయారు. అత్తమామల్నీ పెళ్లాల్నీ ఆసుపత్రిలో వదిలేసి వచ్చిన సంగతి వాళ్లకి బిక్కవోలులో రెండో టీ దగ్గర గుర్తొచ్చింది.