నిండుకున్న గోదాము

ఆ ఉదయం అత్తగారు కొవ్వొత్తుల కొట్టు తాళాలు కోడలి చేతిలో పెట్టారు. ఆ గుత్తి కోసం కోడలు పెళ్లయినప్పటి నుంచీ ఎదురుచూస్తోంది. ఎంబీఏ చదివినా, ఇంతవరకు ఆ కొట్లో ఆమెకు దక్కిన పని దుమ్ము దులపడమే. ఇవాళ ఏదన్నా తేడా వస్తే మళ్లీ ఆ గుడ్డముక్కే గతి.

"ఊళ్లోకి వెళ్తున్నా, వచ్చేసరికి సాయంత్రమవుతుంది. గోదాములో సరుకు నిండుకుందమ్మా, కాస్త చూసుకుని అమ్ము," అన్నారు అత్తగారు.

లేదన్న మాట నోట రాకూడదని, అయిపోయినదాన్ని 'నిండుకుంది' అనడం ఆవిడ తరం అలవాటు. హాస్టళ్లలో పెరిగిన కోడలికి బియ్యం నిండుకునే ఇల్లే తెలియదు. గోదాము నిండా సరుకు పేరుకుపోయిందనుకుంది. అమ్మకాలు లేవని పాపం అత్తయ్య పైకి చెప్పుకోలేకపోతున్నారని జాలిపడింది కూడా. చిక్కంతా ఆ జాలితోనే వచ్చింది. మార్కెట్ మందకొడిగా ఉంటే ధర తగ్గించి సరుకు కదిలించాలని చదువుకుంది కదా, 'అన్నీ సగం ధరకే' అని అట్టముక్క మీద రాసి గుమ్మానికి వేలాడదీసింది.

మధ్యాహ్నానికి కొట్లో ఉన్నవన్నీ ఊడ్చుకుపోయాయి. బయట జనం ఇంకా ఉన్నారు. కోడలు ధీమాగా వెళ్లి గోదాము తలుపు తీసింది. లోపల ఒక ఖాళీ అట్టపెట్టె, అందులో నిద్రపోతున్న పిల్లి ఉన్నాయి.

"సరుకు లేదండీ," అంది బయటికొచ్చి.

"పొద్దున ఉన్న సరుకు ఇప్పుడేమైంది? దాచేశారా?" అన్నాడు వరసలో ముందున్న దర్జీ.

"కొవ్వొత్తులు దాచారంటే, కరెంటు పోతుందని వీళ్లకి ముందే తెలిసిందన్నమాట," అంది వెనకున్న టీచరమ్మ.

ఆ మాట చిలవలు పలవలు వేసుకుని వీధి చివరికి చేరేసరికి, వారం దాకా కరెంటు రాదని తేలిపోయింది. ఎదురు కొట్టాయన టార్చిలైట్ల ధర రెట్టింపు చేశాడు. జనం కరెంటాఫీసుకు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. ఇంతమంది అడుగుతున్నారంటే ఎక్కడో తీగ తెగే ఉంటుందని అక్కడివాళ్లు హడలిపోయి, వెతకడానికి పేట మొత్తానికి కరెంటు ఆపేశారు. తన నోటి నుంచి పుట్టిన పుకారు నిజమై కూర్చునేసరికి కోడలికి ఏడుపొచ్చింది.

చీకటి పడుతుండగా అత్తగారు వ్యాను దిగారు. ఆవిడ వెళ్లింది కొత్త సరుకు కోసమే. అట్టముక్కను చూశారు, జనాన్ని చూశారు, కోడలు చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు.

"ఇప్పుడు రెట్టింపు చెప్పినా కొంటారత్తయ్యా. పొద్దుటి నష్టం పూడిపోతుంది," అంది కోడలు, తాళాలు బల్ల మీద పెట్టేస్తూ.

"చీకట్లో ధర పెంచితే తెల్లారాక మొహం ఎక్కడ పెట్టుకుంటామే? మామూలు ధరకే ఇవ్వు."

చూస్తుండగానే వ్యాను ఖాళీ అయింది. ఆఖరి పెట్టె అమ్ముడుపోగానే కరెంటు వచ్చింది. అత్తగారు తాళాల గుత్తిని మళ్లీ కోడలి వైపు జరిపారు.

"నాకొద్దత్తయ్యా."

"తప్పు నాదేనమ్మా. లేదని చెబితే నా నోరేం పోయేది? నా మీద జాలేసిందన్నావు చూడు, ఈ కొట్టు పెట్టాక నా గురించి అలా బెంగపడ్డవాళ్లు లేరు. రేపు కూడా నువ్వే తెరువు."

కోడలు కళ్లు తుడుచుకుని గుత్తి అందుకుంది. కొట్టు కట్టేసి ఇద్దరూ వెనకున్న ఇంట్లోకి వెళ్లారు.

"అన్నం పెట్టనా?"

"వద్దత్తయ్యా, కడుపు నిండుకుంది."

ఏ అర్థంలో అందో అడగకుండానే అత్తగారు రెండో పళ్లెం తీశారు.