పరీక్ష బరువు

కుంఠా నాకా దగ్గర మగ్గాల గల్లీలో తవ్వి వదిలేసిన రోడ్డు గురించి నగరసేవక్, అంటే కార్పొరేటర్, మల్లప్ప చరిత్రాత్మకమైన నిర్ణయం తీసుకున్నాడు. మైకు పట్టుకుని ఇలా ప్రకటించాడు:

"రోడ్డు వేస్తే పోతది. మళ్లీ వేస్తే మళ్లీ పోతది. అందుకే ఈసారి రోడ్డు జోలికి పోకుంట, ఎసొంటి రోడ్డు మీదనైనా నడిచే బండి కొంటున్నం. మీ సామాన్లన్నీ దాంట్లనే వస్తయి."

జనం చప్పట్లు కొట్టారు. అందరికంటే ముందు కొట్టినవాడు వినాయక్. అది అతని బాధ్యత; పార్టీలో అతను గల్లీ ప్రముఖ్. ఈసారి ఆ చప్పట్లలో సొంత ఆశ కూడా కొంత ఉంది. ఇంట్లో పవర్‌లూమ్ ఆగిపోయి ఉంది. దాని మీదికి ఎక్కాల్సిన బీము, అంటే పడుగు నూలు చుట్టిన పెద్ద ఇనుప రోలరు, నూలుకు గంజి పెట్టే సైజింగ్ కార్ఖానాలోనే పడి ఉంది. తోపుడుబండి గల్లీ మొదట్లోనే గుంతలో దిగబడుతోందని హమాలీలు రామన్నారు. ఈ వారంలో నేత మొదలు కాకపోతే తువ్వాళ్ల ఆర్డరు ఇంకో మగ్గానికి ఇస్తానని వ్యాపారి కోమల్‌కు చెప్పేశాడు. కోమల్ వినాయక్ భార్య. మగ్గం నడిపేది ఆమే. వినాయక్‌కు దేశసేవ ఉంది.

"ఒక్క ట్రాలీ మొరం పోపియ్యుమని అడగరాదా మీ మల్లప్పన్నను," అంది కోమల్.

"మొరం పాత ఆలోచన. ఇప్పుడు దాన్ని టెర్రెయిన్ అంటరు."

"దేన్ని, గుంతనా?"

"ఆఁ."

వాహన ఎంపిక సమితి మల్లప్ప ఇంటి మేడ మీద సమావేశమైంది. సమితి అంటే మల్లప్ప, వినాయక్, షోరూము నుంచి వచ్చిన అనికేత్. అనికేత్ ముందుగా గేర్ల సంగతి వివరించాడు.

"మాన్యువల్ అయితే, భావూ, ఎప్పుడు ఏ గేరు వెయ్యాల్నో డ్రైవర్ చేతుల ఉంటది. ఆటోమేటిక్ అయితే బండే చూసుకుంటది."

మల్లప్ప కళ్లు మూసుకుని ఆలోచించాడు. "గేరు మన చేతుల ఉండంగ బండి ఆగిందనుకో, జనం ఎవర్ని అడుగుతరు?"

"మిమ్మల్నే."

"అయితే ఆటోమేటిక్ మంచిది."

తర్వాత చక్రాల విషయం వచ్చింది. పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్‌లో మామూలుగా రెండు చక్రాలే లాగుతాయని, కష్టమొచ్చినప్పుడు మీట వేస్తే మిగతా రెండూ కలుస్తాయని అనికేత్ చెప్పాడు.

"ఎలక్షన్లప్పుడు కార్యకర్తల లెక్క," అన్నాడు మల్లప్ప, వినాయక్ వైపు ప్రేమగా చూస్తూ. "మరి ఫుల్ టైమ్?"

"నాలుగింటికీ ఎప్పుడూ బలం పోతది. డీజిల్ ఎక్కువ తాగుతది."

"అందరికీ ఎప్పుడూ ఇస్తే గట్లనే ఉంటది."

చివరగా డిఫరెన్షియల్ లాక్. దాన్ని వినాయక్ ఎంత శ్రద్ధగా విన్నాడంటే, ఇంటికొచ్చి అన్నం తింటూ భార్యకు కూడా బోధించాడు.

"లాక్ లేకపోతే, బురదల ఊరికే తిరిగే చక్రానికే బలమంతా పోతది. గట్టి నేల మీదున్న చక్రానికి ఏం రాదు. తెల్సా?"

"తెల్వకేంది," అంది కోమల్, పప్పు వడ్డిస్తూ. "పెండ్లయినప్పటి సంది చూస్తున్న."

మూడు రకాల బండ్లనూ గల్లీలో నడిపి చూడాలని, ఖాళీగా నడిపితే తేడా తెలియదని, వెనక బరువు ఉండాలని అనికేత్ అన్నప్పుడు వినాయక్ తన జీవితంలోకెల్లా తెలివైన మాట మాట్లాడాడు.

"మా బీము ఉన్నదన్నా."

మల్లప్ప అతని భుజం తట్టాడు. ప్రజల బరువు, ప్రజల గల్లీ, ప్రజల బండి. ఆ మాటే మర్నాడు ఫ్లెక్సీ మీదికి ఎక్కింది.

మొదటి బండి, మాన్యువల్‌ది, బీమును మోసుకుని ఊగుతూ ఇంటి ముందుకొచ్చింది. కోమల్ కొబ్బరికాయ కొట్టింది. ఇరుగుపొరుగు మగవాళ్లు చొక్కా చేతులు మడిచి ముందుకొచ్చారు.

"దించకుండ్రి వహినీ," అన్నాడు అనికేత్, మరాఠీలో వదిన వరస కలిపి. "ఇంక రెండు బండ్లున్నయి. అన్నింటికీ ఒక్కటే బరువు ఉండాలె, లేకుంటే పోలిక చెల్లదు."

"వాటికి ఇంకోటి పెట్టుకోండ్రి."

"ఇంకో బీముకు ఇంకో తూకం ఉంటది."

"పారదర్శకత, కోమల్," అన్నాడు మల్లప్ప ముందు సీటులోంచి. "మన కార్యకర్త సామానని ఇక్కడనే దించుకుంటే జనం ఏమనుకుంటరు?"

జనం బీము దించడానికే నిలబడి ఉన్నారు. వాళ్లేమనుకున్నారో ఎవరూ అడగలేదు. బీము వెనక్కి వెళ్లిపోయింది.

రెండో బండి ఆటోమేటిక్, ఫుల్ టైమ్. ఇంటి ముందు అది ఆగిన చోటే మల్లప్ప ఒక టీవీ ఛానెల్‌తో చాలాసేపు మాట్లాడాడు. తుంపర పడుతుంటే వినాయక్ నాయకుడికి గొడుగు పట్టాడు. కోమల్ తన కొత్త చద్దరు తెచ్చి బీముకు కప్పింది. గడపలో బీడీలు చుడుతున్న వినాయక్ తల్లి గంగుబాయి చేట పక్కన పెట్టి చూసింది.

"అలిగిపోయిన కోడలు లెక్క గడప దాక వస్తది, మర్లిపోతది," అంది.

మూడో బండికి ఆటోమేటిక్ గేర్లు, మెల్లగా ఎక్కువ బలంతో లాగే 'లో రేంజ్', లాక్ అన్నీ ఉన్నాయి. పెద్ద గుంతలో దాని ముందు చక్రం ఒకటి గాలిలో వేలాడింది. మిగతావి నేలను పట్టుకుని బండిని ఇవతలికి ఈడ్చాయి. కోమల్ ఈసారి ఎవరి మాటకూ ఆగకుండా బీము కొసను రెండు చేతులా పట్టుకుంది.

"ఇదే ఆఖరిది కదా. దించుండ్రి."

"వాపసు పోవుడు కూడ పరీక్షల భాగమే వహినీ," అన్నాడు అనికేత్, నిజంగానే బాధపడుతూ. "ఎక్కడ బయలెల్లిందో అక్కడికి చేరాలె."

మర్నాడు మల్లప్ప ఫలితాలు ప్రకటించాడు.

"మూడు బండ్లూ మగ్గాల గల్లీని దాటినయి. అంటే గల్లీ రోడ్డుకు ఏ లోపం లేదని శాస్త్రీయంగ రుజువైంది. రోడ్డు మీద ఉన్న ఫిర్యాదులన్నీ నేటితో బంద్."

వినాయక్ అలవాటు కొద్దీ ముందుగా చప్పట్లు కొట్టేశాడు. మూడో బండి ఎంపికైంది. గల్లీకి ఇక లోపమేదీ లేదు కాబట్టి ఆ బండి అవసరం కూడా లేదు. అందువల్ల కొండ ప్రాంతాల టెర్రెయిన్‌ను అధ్యయనం చేయడానికి మల్లప్ప కుటుంబసమేతంగా మహాబళేశ్వర్ బయలుదేరాడు.

బండి వెనక తన బీము కనబడగానే వినాయక్ తాడు, నలుగురు మనుషులతో దాని దగ్గరికి పరుగెత్తాడు.

"అన్నా, బీము దించుకుంట. మగ్గం ఖాళీగున్నది."

మల్లప్ప అద్దం దించాడు.

"పొద్దుగాల ఖాళీ బండి నడిపి చూసిన వినాయక్. వెనక ఎగురుతున్నది. మీ వదినకు నడుము నొప్పి. నీ బీము పెట్టినంక ఎంత కుదురుగున్నదో చూడు. ఉండనీ."

బండి గేరు తానే మార్చుకుని మెత్తగా కదిలింది. తాడు పట్టుకున్న నలుగురూ పక్కకు జరిగారు.

ఇంట్లో కోమల్ మగ్గం పక్కన నిలబడి ఉంది. ఫోను ఇంకా చేతిలోనే ఉంది.

"వ్యాపారి చేసిండు. ఆర్డరు ఇంకోలకు ఇచ్చిండట," అంది. తర్వాత అడిగింది: "మీ అన్న ఇంతకూ దేన్ని ఎంచుకున్నడు?"

వినాయక్ చెప్పులు విడిచి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"మన బీమును," అన్నాడు.