ఆంబోతుకున్న పాటి మర్యాద

“ఆ తాడు గనక తెగితే మనం ఎటు పరిగెత్తాలే?”

పోటీ ఇంకా మొదలు కాలేదు. ఆంబోతులు లారీల్లోంచి దిగనే లేదు. అయినా కారు దిగుతూనే మా అమ్మాయి సాత్వికను అడగవలసింది అడిగేశాను. తాడు తెగాక అడిగి ఏం లాభం?

“మమ్, అవి చాలా కామ్,” అంది. అంత కామ్‌గా ఉండేవాటికి ముక్కుకి ఇనప రింగెందుకు?

సరే, ఇవాళ నేను రాయబోయేది నా భయాల గురించి కాదు. వాటికి ఈ పత్రిక చాలదు. నేను చెప్పేది ఒక్కటే. ఈ ఇంగ్లండు దేశంలో మర్యాదంటూ మిగిలిన చోటు ఒకటే ఉంది. అది మాంసపు జాతి ఆంబోతుల పోటీ! నవ్వకండి. పదో తరగతి చదివినదాన్నే అయినా, నాలుగేళ్ళుగా గొడుగు పట్టుకుని ఆ బురదలో నిలబడి గమనించి చెబుతున్నాను.

మాది లీసెస్టర్. మావారు ఆంజనేయప్రసాద్ గారు జీపీ, అంటే పేట క్లినిక్కులో డాక్టరు. డాక్టరు గారి అమ్మాయి డాక్టరవుతుందని ఊరంతా అనుకుంటే, ఇది పశువుల చదువు చదివి, వ్యవసాయ ప్రదర్శనల్లో జడ్జిగా వెళుతుంది. ఏ ఆంబోతు ఒంటి తీరు బాగుంది, ఏది సంతానానికి పనికొస్తుంది అన్నది తేల్చి చెప్పాలి. అవునండీ, ఆ మాంసం కోసం పెంచే జాతులే. మా ఇంట్లో కోడిగుడ్డు కూడా ఉడకదు. ప్రతి శనివారం వెంకటేశ్వరస్వామి పటం ముందు నేనే సంజాయిషీ ఇచ్చుకుంటున్నాను: “స్వామీ, అది చూస్తుంది, అంతే. తినదు.”

ఆ ఆంబోతుల వైభోగం ఏమని చెప్పను? షాంపూతో తలంటు పోస్తారు. హెయిర్ డ్రయ్యర్ పెట్టి ఒళ్ళంతా ఆరబెడతారు. తోక చివర కుచ్చును దువ్వి, స్ప్రే కొట్టి, బంతిలా నిలబెడతారు. నా పెళ్ళిలో నాకు ఇందులో సగం జరగలేదు!

అప్పుడు తెల్ల కోట్లు వేసుకున్న రైతులు వాటిని బరిలోకి నడిపించుకొస్తారు. మా అమ్మాయి, ఇంట్లో పిల్లిని చూసి సోఫా ఎక్కే పిల్ల, టన్ను బరువున్న నల్లటి కొండ పక్కకి వెళ్ళి నిలబడుతుంది. పక్క నుంచి చూస్తుంది: వీపు బల్లపరుపుగా ఉందా? వెనక నుంచి చూస్తుంది: తొడలు నిండుగా ఉన్నాయా, కాళ్ళ మధ్య ఎడం ఉందా? నడుం మీద చెయ్యేసి నొక్కి, కండ ఎంతో కొవ్వు ఎంతో కనిపెడుతుంది. నడిపించి గిట్టలు చూస్తుంది. ఆ తర్వాత వంగి ఇంకొకటి కూడా చూస్తుంది. సంతానం విషయం కదా, చూడకపోతే ఉద్యోగం ఉండదట. ఆ సమయంలో నేను ఆకాశం వంక చూస్తాను, వానొస్తుందేమోనని.

అంతా అయ్యాక అన్నిటినీ వరసలో నిలబెట్టి మైకు తీసుకుంటుంది. అసలు మర్యాద ఇక్కడుంది, వినండి! ఏది మొదట నిలిచింది, ఏది చివర నిలిచింది అని చెప్పి ఊరుకోవడానికి వీల్లేదు. ఎందుకో చెప్పి తీరాలి. అదీ ముందు మంచి చెప్పి, తర్వాత లోటు చెప్పాలి. “దీని వీపు పొడవు అద్భుతం, కానీ వెనక కాళ్ళు కాస్త వంగాయి” అని ఊరంతా వినేలా అంటుంది. మొన్న చివర నిలిచిన ఆంబోతు రైతు ఏం చేశాడనుకున్నారు? టోపీ తీసి, చెయ్యి కలిపి, థాంక్యూ చెప్పాడు. ఆంబోతు నెమరువేసుకుంటూ పోయింది. మొహం మాడ్చుకున్నవాళ్ళు లేరు, “మా వంశాన్నే అంటావా” అన్నవాళ్ళు లేరు. ఆంబోతు వంశం ఎలాగూ పోటీ కార్డు మీద రాసే ఉంటుంది.

ఈ పద్ధతి దేశమంతా పెట్టాలంటాను. మన ఉగాది పాటల పోటీలో పాడిన ప్రతి పిల్లకీ మొదటి బహుమతే! శ్రుతి ఎక్కడ జారిందో ఎవరైనా చెప్పారా? ఉద్యోగానికి అప్లికేషన్ పెడితే “మీ వివరాలు మా దగ్గర భద్రంగా ఉంచుకుంటాం” అంటారు. ఉంచుకుని ఏం చేస్తారు, ఊరగాయా? చెట్టు కొమ్మ మా కప్పు మీద పడేలా ఉందని కౌన్సిల్‌కి రాస్తే, అందిందని జవాబొచ్చింది. కొమ్మ సంగతి? మౌనం. మావారిని కూర ఎలా ఉందని అడగండి. “ఊఁ” అంటారు. ఉప్పెక్కువైతే ఊఁ, తక్కువైతే ఊఁ, కూర చెయ్యడం మర్చిపోయినా ఊఁ! ఆయన్ని ఒక్కసారి మైకు ముందు నిలబెట్టాలని నా కోరిక.

ఇంత ఆవేశం దేనికని అడుగుతారు మీరు. అడగండి, చెబుతాను.

మొన్న వేసవిలో లండన్ వెంబ్లీ నుంచి ఒక సంబంధం వచ్చింది. ప్రఫుల్ల గారూ, వాళ్ళాయనా, అబ్బాయి సంజీవ్ వచ్చారు. అబ్బాయి అకౌంటెంటు, ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు. నేను నాలుగు రోజుల ముందు నుంచే వణుకుతున్నాను. అమ్మాయి ఉద్యోగం గురించి అడిగితే ఏం చెప్పాలి? “పశువుల ఆఫీసు” అని చెబుదామని ఇంట్లో అందరికీ నేర్పాను. తీరా ప్రఫుల్ల గారు అడగ్గానే మా తల్లి “బీఫ్ బుల్స్, ఆంటీ” అంది. ఆవిడ చేతిలో పెసరట్టు ముక్క నోటి దాకా వెళ్ళి ఆగింది. నా గుండె కూడా.

కానీ మాట మారింది. అబ్బాయిని కారం తింటావా బాబూ అని నేనడిగితే తినడని ప్రఫుల్ల గారు చెప్పారు. వారాంతాల్లో ఏం చేస్తావని మావారడిగితే అదీ ఆవిడే చెప్పారు. పోనీలే, కబుర్ల మనిషి అనుకున్నాను. పిల్లలిద్దరూ గార్డెన్‌లో కాసేపు మాట్లాడుకుని నవ్వుతూ లోపలికొచ్చారు. వెళ్ళేటప్పుడు “ఇంటికెళ్ళి ఫోన్ చేస్తాం, వదినగారూ” అన్నారు ఆవిడ. వదిన అన్నాక ఇంక అనుమానమేముంటుంది?

ఫోన్ రాలేదు. ఆకులు రాలాయి, చలికాలానికి గడియారాలు గంట వెనక్కి జరిపారు, ఫోన్ రాలేదు. మెసేజ్ పెడితే రెండు నీలం టిక్కులు పడ్డాయి. చదివారు! చదివి ఊరుకున్నారు!

అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఆ బీఫ్ మాటే కొంప ముంచిందా? అమ్మాయి ముక్కు తీరు నచ్చలేదా? నా పెసరట్టు మాడిందా? లేక వాళ్ళకే దారిలో ఏమైనా అయిందా? మోటార్‌వే మీద ఏమో, ఎవరికి తెలుసు? సాత్వికని అడిగితే “లీవ్ ఇట్, మమ్” అని టీ పెట్టుకుంది. మావారిని అడిగితే మీకు తెలుసు ఏమన్నారో.

మొన్న ఆదివారం మధ్యాహ్నం ఇంక ఆగలేక, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, మా పక్కింటి సుగుణ గారి ఫోన్ తీసుకుని చేశాను. కొత్త నంబరు కదా, ప్రఫుల్ల గారు ఎత్తారు.

“నేను చాముండేశ్వరినండీ. పెట్టెయ్యకండి,” అన్నాను. “వద్దంటే వద్దనండి, నేనేం ఏడవను. మా పిల్ల ఉద్యోగమే అడ్డమైతే ఆ మాటే అనండి. ముక్కు నచ్చకపోతే ఆ సంగతే అనండి. ఈ దేశంలో ఆంబోతుక్కూడా కారణం చెబుతారండీ. మా పిల్లకి చెప్పలేరా?”

లైను తెగిందేమోనని చూశాను, తెగలేదు. వాళ్ళింట్లో టీవీ సీరియల్‌లో ఎవరో ఏడుస్తున్నారు. ఆ ఏడుపు ఆగింది, ప్రకటనలు వచ్చాయి, ప్రకటనలూ అయిపోయాయి. సుగుణ గారు తన ఫోన్ వైపు దిగులుగా చూస్తున్నారు.

“మీకు చెప్పలేదా?” అన్నారు చివరికి ప్రఫుల్ల గారు, నీరసంగా. “మీ అమ్మాయి ఆ రోజే గార్డెన్‌లో మావాణ్ణి కాదనేసిందండీ. మనిషి మంచివాడు, నెమ్మదస్తుడు, ఎత్తూ బాగుంది, కానీ అమ్మ పక్కన లేనిదే అడుగు పడదు అందిట. మీరు కంగారు పడతారని, మెల్లిగా తనే చెబుతానని, మమ్మల్నెవరినీ ఆ మాట ఎత్తొద్దందిట. అన్నయ్యగారైతే, అదే మీవారు, మర్నాడే మావారికి ఫోన్ చేసి, ఏమీ అనుకోవద్దని అరగంట మాట్లాడారు కూడానూ.”