గాస్పర్ మాస్టారి జపాన్ మర్యాద

ఆ సోమవారం పొద్దున అబీలియో మాస్టారు కొత్త టై కట్టుకుని బడికి బయల్దేరాడు. జపాన్ బడిలో రెండు వారాలు గడపబోయే పిల్లల వెంట ఏ మాస్టారు వెళ్లాలో ఆ రోజే తేలుతుంది. ఇరవై రెండేళ్లుగా పోర్చుగల్ పిల్లలకి భూగోళం చెబుతున్న మనిషి, జపాన్ దీవుల్ని కళ్లు మూసుకుని బోర్డు మీద గీయగలడు. తను కాక ఇంకెవరు?

"వ్యాయామం మాస్టారు గాస్పర్!" అని ప్రకటించింది హెడ్‌మిస్ట్రెస్ గ్రసియేట్ మేడం. "పిల్లలు ఓట్లేశారు అబీలియో గారూ, నేనేం చెయ్యను?"

అబీలియోకి కడుపు మండిపోయింది. పుండు మీద కారంలా గాస్పర్ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"గురూ, నాలుగు జపాన్ ముక్కలు నేర్పవూ? భోజనం పెట్టినవాళ్లకి ధన్యవాదాలు చెప్పాలంటే 'అరిగతో' చాలుగా?"

"అది కుర్రకారు మాట. పెద్దవాళ్ల ముందు వంగి 'ఒకావరి కుదసాయ్' అనాలి."

ఆ మాటకి అసలు అర్థం, 'ఇంకోసారి వడ్డించండి' అని.

మూడో రోజు జపాన్ నుంచి ఫోన్ వచ్చింది. "ఏం మనుషులు గురూ! గిన్నె ఖాళీ చేసి ధన్యవాదాలు చెప్తే మళ్లీ అన్నం నింపేస్తున్నారు. ఊపిరాడట్లేదు!"

"వినపడలేదేమో, గట్టిగా చెప్పు," అన్నాడు అబీలియో. ఆ పూట అతను గుడ్డూ మీగడా కలిపి చేసే మిఠాయి బిళ్లలు రెండు ఎక్కువే తిన్నాడు.

కానీ వారం తిరక్కుండా స్టాఫ్‌రూమ్ గోడకి ఒక ఫొటో ఎక్కింది. ఆతిథ్యమిచ్చిన ఇంటి ముసలమ్మ హత్సుయె, పక్కన గాస్పర్, చుట్టూ వీధి వీధంతా. తన వంట ఇంత ఇష్టంగా తిన్నవాడు ఎనభై ఏళ్లలో లేడని ఆవిడ కళ్లు తుడుచుకుందట. ఊరి పత్రికలో కూడా పడిందట. అబీలియో ఆ గోడకి వీపు పెట్టి కూర్చోవడం మొదలెట్టాడు.

గాస్పర్ రెండు సైజులు పెరిగి దిగాడు.

"నాలుగో రోజే అక్కడి పిల్లలు ఆ మాటకి అర్థం చెప్పారులే గురూ," అని చెవిలో నవ్వాడు. "కానీ ఆ ముసలమ్మ మొహం చూశాక మానబుద్ధి కాలేదు."

అబీలియో తల దించుకున్నాడు. సిగ్గేసింది. సిగ్గు కింద అసూయ మాత్రం కదల్లేదు. ఆ మాట తనే అనుంటే ఆ ఫొటోలో తనే ఉండేవాడు!

మరుసటేడు డాక్టరు గాస్పర్‌ని ప్రయాణం మానమన్నాడు. గాస్పరే తరగతి తరగతికీ తిరిగి, "ఈసారి అబీలియో మాస్టారికి వెయ్యండర్రా," అని బతిమాలాడు. అలా ఓట్లు పడ్డాయి. అబీలియో ఆర్నెల్లు కష్టపడి జపాన్ భాషలో పేజీన్నర ఉపన్యాసం కంఠతా పట్టాడు.

హత్సుయె ఇంటి గుమ్మంలో బూట్లు విప్పి, నడుం వంచి, తప్పు లేకుండా చివరిదాకా అప్పజెప్పాడు. ఆవిడ ఓపిగ్గా విన్నది. ఆపైన అతని భుజం మీదుగా వీధిలోకి తొంగిచూసి, ఆశగా ఏదో అడిగింది. అందులో గాస్పర్ పేరుంది.

ఆ ప్రశ్న అబీలియోకి పుస్తకం తియ్యకుండానే అర్థమైంది.