ఇరవై ఆంప్స్ వైరుకు జేజేలు

మల్టీమీటరు వైర్లు వేడెక్కి కరిగిపోవడం మానవజాతికి జరుగుతున్న మహోపకారమని గుండె మీద చేయి వేసుకుని చెబుతున్నాను. నవ్వకండి! ఇంత మేలు చేసే వస్తువును పట్టుకుని నాసిరకమనీ మోసమనీ నోరు పారేసుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మల్టీమీటరు మొహం ఎరగని పాఠకుల కోసం రెండు ముక్కలు. కరెంటు పని చేసేవాళ్ల దగ్గర అరచేతిలో ఇమిడే పెట్టె ఒకటి ఉంటుంది. దానికి ఒక ఎర్ర వైరు, ఒక నల్ల వైరు, వాటి కొసల్లో సూదుల్లాంటి మొనలు. కరెంటు ఎంతుందో కొలవాలంటే ఆ కరెంటంతా ఈ రెండు వైర్లలోంచే పోయి రావాలి. ఎంత మోయగలవో పాపం వాటి మీదే అచ్చు వేసి ఉంటుంది. మా వదిన వర్క్‌షాపుకి కొత్తగా వచ్చిన వైర్ల మీద ‘ఇరవై ఆంప్స్’ అని ఉంది. తెల్లటి అక్షరాలు, ముత్యాల్లా ఉన్నాయి. చూసి నేను మురిసిపోయాను.

మా వదిన బ్యాటరీ స్కూటర్లు బాగుచేసే వర్క్‌షాపులో ఫోర్‌మన్. మా అన్నయ్య అదే వర్క్‌షాపుకి సామాన్లు కొనే ఆఫీసరు. ఇంట్లో కూరలో ఉప్పు గురించి అన్నయ్య మాట్లాడడు, వర్క్‌షాపులో కొనుగోళ్ల గురించి వదిన మాట్లాడదు. కాపురం అలా చల్లగా సాగుతోంది. అలాంటిది మొన్న అన్నయ్య పెట్టె నిండా కొత్త మీటర్లు తెప్పించాడు. వదిన సరేనంటే మర్నాడు పొద్దున్నే అవి మెకానిక్కుల చేతుల్లోకి వెళతాయి. వదిన సరేననలేదు. పరీక్ష చేస్తానంది!

ఇరవై అని రాసున్నదాన్ని పరీక్ష చేయడమేమిటండీ? రేపు గడియారాన్ని కూడా టైము ఎంతని అడగడం మానేసి, నిజం చెప్పమని నిలదీస్తారు!

దీనికంతటికీ మూలం ఆ వర్క్‌షాపులోని ఒక అలవాటు. స్కూటర్‌ను స్టాండు ఎక్కించి, వెనక చక్రం తిప్పుతూ, మోటారు ఎంత కరెంటు లాగుతోందో చూస్తారు. ఒక చేయి యాక్సిలరేటరు మీద ఉంటుంది, ఇంకో చేతిలో మీటరు ఉంటుంది. మధ్యలో వేలాడే వైరు తిరిగే చక్రంలో పడిందంటే అంతే సంగతులు. అందుకని మిగిలిన వైరును గాజుల్లా మణికట్టుకు చుట్టుకుంటారు. ఇది ఎవరూ నేర్పింది కాదు, ఎవరు చెప్పినా మానేది కాదు. వదిన కూడా అలాగే చుట్టుకుంటుంది. వైరు కాలితే చెయ్యి కాలుతుంది కదా అన్నది ఆవిడ బెంగ. ఎంత సంకుచితమైన ఆలోచన! అచ్చు వేసినవాళ్ల మనసు ఎంత నొచ్చుకుంటుందో ఒక్కసారైనా ఆలోచించిందా?

పత్రికలో కాలమ్ రాసేవాణ్ణి కనుక నిష్పక్షపాతంగా ఉంటానని అన్నయ్య నన్ను సాక్షిగా లాక్కెళ్లాడు.

వదిన ఒక జత వైర్లు తీసి, రెండు మొనలనూ క్లిప్పుతో కలిపి బిగించింది. రెండో కొసలను పవర్ సప్లయ్ పెట్టెకు తగిలించి, వైర్లను బల్ల మీద పరిచింది. ఆ పెట్టెకున్న నాబ్ తిప్పినకొద్దీ కరెంటు పెరుగుతుంది. వోల్టేజి బొత్తిగా తక్కువ కాబట్టి షాకు కొట్టదు, వైరు వేడెక్కడమే. కరెంటు రెట్టింపయితే వేడి నాలుగింతలవుతుందని వదిన చెప్పింది. కొసరు వేసే వ్యాపారం ఈ రోజుల్లో ఇంకెక్కడుంది చెప్పండి?

ఐదు ఆంప్స్ దగ్గర వైరు గోరువెచ్చగా అయింది. చలికాలంలో చేతులు కొంకర్లు పోయే మెకానిక్కుకు ఇంతకన్నా ఏం కావాలి? పది దగ్గర ముట్టుకుంటే చురుక్కుమంది, పైతొడుగు మెత్తబడి వడిలిన కాడలా సాగింది. కొలత పది సెకన్లలో ముగించాలని మీటరు వెనక చిన్న అక్షరాలతో రాసి ఉంటుందట. చిన్న అక్షరాలు ఎవరు చదువుతారండీ? ఈ వైరు దగ్గరుండి చదివిస్తుంది! పదిహేను దగ్గర సన్నగా పొగ లేచి, ఘాటైన వాసన వర్క్‌షాపంతా కమ్ముకుంది. మూలన కునుకు తీస్తున్న వాచ్‌మన్ దిగ్గున లేచి కూర్చున్నాడు. ఎన్ని మెమోలిచ్చినా లేవని మనిషి అతను. ఈ క్రెడిట్ ఎవరికివ్వాలి?

కాసేపటికి తొడుగు విచ్చుకుని లోపలి తీగ బయటపడింది. అయితే ఒక్కమాట. తొడుగు కరిగింది, వైరు మాడింది కానీ, వైరు కొసనున్న ప్లగ్గు మీద ‘ఇరవై’ అన్న అచ్చు మాత్రం చెక్కుచెదరలేదు. నాణ్యత అంటే అదీ!

వదిన అంతటితో ఊరుకుందా? మాడిన వైరును కోసి చూసింది. పెన్సిలంత లావు కనిపించిన వైరులో తొడుగే ముప్పాతిక, లోపల వెంట్రుకల్లాంటి నాలుగు పోగులు. వాటి దగ్గరికి అయస్కాంతం తెస్తే టక్కున అతుక్కున్నాయి. రాగి అయితే అతుక్కోదట. పైన రాగి పూత, లోపలంతా ఇనుమే. అయితే ఏమైంది? నలుగురిలోకి వెళ్లేటప్పుడు మనం మొహానికి పౌడరు రాసుకోమా? ఇనుముకు మాత్రం సరదాలుండవా?

అసలు అంకెల మీద ఇంత అనుమానం పెట్టుకుంటే బతకగలమా? లిఫ్టులో ఎనిమిది మంది పడతారని రాసి ఉంటుంది. ఆ ఎనిమిది మంది ఎవరో, ఊపిరి తీసుకునేవాళ్లేనా అని ఎప్పుడైనా అడిగామా? ఇద్దరు కూర్చునే సోఫా మీద మా ఆవిడ, నేను కూర్చుంటే మధ్యలో గాలి కూడా దూరదు. అది దాంపత్యానికి మంచిదే కదా అని సరిపెట్టుకున్నాం. సర్దుకుపోయే గుణం నేర్పే వస్తువులివి. ఈ వైర్లు కూడా ఆ కోవలోవే.

“పది దాటి ఇక్కడ ఎవరు కొలుస్తారు? పది లోపల నిక్షేపంలా ఉంది కదా,” అన్నాడు అన్నయ్య.

“బల్ల మీద పరిచిన వైరు వేరండీ, చేతికి చుట్టిన వైరు వేరు. చుట్టినదానికి వేడి పోయే దారుండదు,” అంది వదిన.

“అయితే కొత్త జత తియ్యి. నేనే చుట్టుకుంటా.”

వదిన వద్దంది. గట్టిగానే వద్దంది. అన్నయ్య వింటేగా! తను ఏరి కొన్న సరుకు పరువు తన మణికట్టు మీద ఆధారపడి ఉందనుకున్నాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి, మెకానిక్కులు చుట్టుకున్నట్టే వరసలు వరసలుగా చుట్టుకున్నాడు. నా రచనా జీవితంలో ఇంతటి త్యాగమూర్తిని చూడలేదు.

వేరే దారిలేక వదినే నాబ్ పట్టుకుని మెల్లగా తిప్పింది. ఐదు దగ్గర, “హాయిగా ఉందిరా,” అన్నాడు నావైపు తిరిగి. ఏడు దగ్గర ఎవరూ అడక్కుండానే ఎండల గురించి మాట్లాడడం మొదలుపెట్టాడు. ఎనిమిది దాటాక మాటలు ఆగిపోయాయి. నుదుటి మీద చెమట, మొహం కందగడ్డ. పరువు గలవాడు కనుక నోరు మెదపలేదు. తొమ్మిదికి చేరుతుండగా అన్నయ్య నోరు తెరిచాడు. అందులోంచి మాట బయటికి రాకముందే వదిన సప్లయ్ ఆపేసింది. ఇన్నేళ్ల కాపురంలో ఆ మొహం ఆవిడకు ఏ మీటరుకన్నా బాగా తెలుసు.

కుళాయి కింద అన్నయ్య చేతిని పట్టుకుని వదిన చాలాసేపు నీళ్లు పోసింది. మణికట్టు చుట్టూ ఎర్రగా గీతలు తేలాయి.

“రోజూ చుట్టుకునేది నేనండీ,” అంది వదిన, నీళ్ల చప్పుడులో వినీవినబడకుండా.

అన్నయ్య ఆ గీతల వంకా, ఆవిడ మణికట్టు వంకా చూశాడు. చెప్పొద్దూ, నాకు కూడా జాలేసింది. కానీ కాలమిస్టుకు జాలి పనికిరాదు కనుక సర్దుకున్నాను.

చెయ్యి తుడుచుకుని అన్నయ్య మీటర్లన్నీ తనే పెట్టెలో సర్ది, మూత మూసి టేపు వేశాడు. “ఇవి వెనక్కి పంపేస్తున్నా. రేపు పాతవాటితో కానివ్వండి. ఈసారి ముందు నువ్వు చూడు, తరవాతే కొంటా,” అన్నాడు. వదిన తల ఊపింది. ఒక మహోపకారం అలా టేపు కింద సజీవ సమాధి అయిపోయింది!

నేను ఊరుకోగలనా? ఒక్క చేతికి కాలినంత మాత్రాన అంత పెద్ద అంకెను అవమానిస్తారా అని వాళ్లిద్దరినీ నిలదీశాను. ఇరవై ఆంప్స్ పక్షాన అనర్గళంగా మాట్లాడాను. వాచ్‌మన్ కూడా దగ్గరికొచ్చి విన్నాడు.

వదిన అంతా ఓపిగ్గా విని, బల్ల మీద మిగిలిపోయిన కొత్త జతను నావైపు చాపింది.

“చాలా బాగా చెప్పావు మరిదీ. ఇది చుట్టుకుని ఇంకోసారి చెప్పు,” అంది.

పాఠకులారా, మీ దగ్గర దాపరికం దేనికి? ఆ క్షణాన నా రెండు చేతులూ, నన్ను అడక్కుండానే, ప్యాంటు జేబుల్లోకి వెళ్లిపోయాయి. లోపల చల్లగా, సుఖంగా, బోలెడంత నిబ్బరంగా ఉంది. ఆ వైరు మీద ఇరవై అని అచ్చు వెయ్యమన్న పెద్దమనిషి చేతులు కూడా అప్పుడు ఇలాంటి జేబుల్లోనే ఉండి ఉంటాయి.