దళపతి అంగీకి ఎన్ని మడతలు?

ఆ ఆదివారానికి మిషనమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి బుజ్జిదానికి పాలు పట్టాలి, ఎనిమిదింటికి తెల్ల విగ్గు పెట్టుకోవాలి, తొమ్మిదింటికి బస్సెక్కాలి, పన్నెండింటికి స్టేజీ మీద ముప్ఫై అడుగులు నడవాలి, రెండింటికల్లా ఇంట్లో పడాలి. బుజ్జిది పుట్టిన ఈ పదకొండు నెలల్లో ఆమె ఒంటరిగా గడప దాటింది దారపు ఉండల కోసమే. అదీ వీధి చివరిదాకా.

మిషనమ్మ అన్నది అసలు పేరు కాదు. మూడో అంతస్తులో కిటికీ పక్కన మిషను పెట్టుకుని కర్టెన్లు, దిండు గలీబులు కుడుతుంది కాబట్టి ఆ భవనంలో అందరూ అలాగే పిలుస్తారు. బడి ఎనిమిదో తరగతితోనే ఆగిపోయినా చదవడం మాత్రం ఆగలేదు. కాకపోతే ఆమె చదివేవన్నీ జపాను బొమ్మల కథలు. అందులోనూ మంచుకోట దళపతి కథంటే ప్రాణం. ఇనప ముసుగు, తెల్ల జుట్టు, నల్ల అంగీ వేసుకుని తిరిగే ఆ దళపతి ముఖం ఇరవై రెండు పుస్తకాలు వచ్చినా ఇంకా ఎవరికీ తెలీదు. మిషనమ్మకు ముఖంతో పనిలేదు. ఆమె బెంగంతా ఆ అంగీ వెనక మడతల గురించే. మూడో పుస్తకంలో పదకొండు మడతలు, తొమ్మిదో పుస్తకంలో పన్నెండు. ఏది నిజం?

బుజ్జిది నిద్రపోయినప్పుడల్లా కాస్త కాస్తగా, ఎనిమిది నెలలపాటు ఆ అంగీ కుట్టింది. ఎందుకైనా మంచిదని పన్నెండు మడతలు పెట్టింది. ఊళ్ళో జపాను బొమ్మల కథల అభిమానుల మేళా పెడుతున్నారనీ, వేషాల పోటీకి ఆ కథ గీసే పెద్దాయనే జడ్జీగా వస్తున్నాడనీ తెలిసిన రోజున ఆమెకు అన్నం సహించలేదు. గెలిచినవాళ్ళకి ఆయనతో ఐదు నిమిషాలు మాట్లాడే అవకాశం ఇస్తారట. ఆ ఐదు నిమిషాల్లో అడగడానికి ఆమె దగ్గర ఒక్కటే ప్రశ్న ఉంది.

"బిడ్డ తల్లివయ్యాక కూడా ఈ బొమ్మల పిచ్చేంటే?" అన్నాడు భర్త. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. కదలని వస్తువంటే అతనికి చిరాకు, కదలని బొమ్మలంటే ఇంకా చిరాకు. "సరేలే, వెళ్ళిరా. ఒక్క పూట బుజ్జిదాన్ని చూసుకోలేనా? పది టన్నుల లిఫ్టులు చూసుకుంటున్నా."

"లిఫ్టులు పాలు కక్కవండీ," అంది మిషనమ్మ.

ఇంట్లో రెండు సంచులు తయారుగా ఉన్నాయి. ఒకదాంట్లో అంగీ, ముసుగు, అట్టకత్తి. రెండోదాంట్లో డైపర్లు, పాలసీసా, తువ్వాళ్ళు, ఏది ఎప్పుడు చెయ్యాలో రాసిన కాగితం. రెండూ ఒకే కర్టెను గుడ్డలో మిగిలిన ముక్కలతో ఆమే కుట్టింది కాబట్టి రెండూ కవలపిల్లల్లా ఉన్నాయి. అయినా ఏమీ అయ్యేది కాదు. కానీ ఆమెకు మనసు ఊరుకోదు. ఏమైనా మరిచిపోయానేమోనని పొద్దున్నుంచీ రెంటినీ మూడుసార్లు విప్పి చూసి, మూడుసార్లూ సరైన చోటే పెట్టింది. బయల్దేరే ముందు నాలుగోసారి కూడా చూసింది.

విగ్గు పిన్నులు గుచ్చుకోవడానికే గంట పడుతుంది కనక, ఇంటి దగ్గరే పెట్టుకుని, వదులు గౌను, పాత స్వెటరుతోనే బస్సెక్కింది. మిగతా వేషం అక్కడ వేసుకోవచ్చు అనుకుంది.

మేళా జరిగే హాలు గేటు దగ్గర ఆయుధాల తనిఖీ బల్ల ఉంది. వేషగాళ్ళ కత్తులూ బల్లేలూ మెత్తటివో కావో చూసి, పచ్చ రిబ్బను కట్టి లోపలికి పంపుతారు. బల్ల వెనక కళ్ళద్దాల కుర్రది కూర్చుని ఉంది.

"ఆయుధం ఉందా అక్కా?"

"ఉందమ్మా," అంది మిషనమ్మ గర్వంగా. సంచిలో చెయ్యి పెట్టి, చేతికి తగిలింది తీసి బల్ల మీద పెట్టింది.

పాలసీసా.

మిషనమ్మ సంచిలోకి తొంగిచూసింది. అన్నీ డైపర్లే. కళ్ళద్దాల కుర్రది మాత్రం సీసాను అటూ ఇటూ తిప్పి, పాలపీక నొక్కి చూసి, "మెత్తగానే ఉంది," అని పచ్చ రిబ్బను కట్టేసింది. తర్వాత తలెత్తి ఆ తెల్ల జుట్టునీ, ఆ పాత స్వెటర్నీ, ఆ సంచినీ చూసి కుర్చీలోంచి లేచి నిలబడింది. "అయ్యో రామా! దళపతి వాళ్ళమ్మ! ఇన్నేళ్ళలో ఈ వేషం ఎవ్వరూ వెయ్యలేదక్కా!"

నాలుగో పుస్తకం చదివినవాళ్ళందరికీ ఆ తల్లి తెలుసు. చంటితనంలో తప్పిపోయిన బిడ్డ కోసం, జుట్టు నెరిసినా, పాలసీసా సంచిలో పెట్టుకుని ఏడు రాజ్యాలు తిరుగుతూ కనిపించినవాళ్ళందరినీ ఆరా తీసే ముసలావిడ. ఆ బిడ్డే దళపతని చదివేవాళ్ళకి తెలుసు, ఆవిడకి తెలీదు. ఇరవై రెండు పుస్తకాలు వచ్చినా ఆ ఇద్దరూ ఇంకా ఎదురుపడలేదు.

"నేను ఆవిణ్ణి కాదమ్మా," అంది మిషనమ్మ, ఇరవై ఆరేళ్ళకే ముసలమ్మనైపోయానే అన్న బాధతో. "సంచి మారిపోయింది. డైపర్లన్నీ ఇందులోనే ఉండిపోయాయి. నా బిడ్డ అక్కడెలా ఉందో ఏమో!"

"అబ్బ! గొంతు కూడా అచ్చం అలాగే పెట్టావక్కా!" అంది కుర్రది.

మిషనమ్మ పక్కకెళ్ళి భర్తకి ఫోను చేసింది. అవతల బుజ్జిది ఇల్లు పీకి పందిరేస్తోంది.

"ఒక్క డైపరన్నా లేదేంటే సంచిలో?" అన్నాడతను. "చెయ్యి పెడితే ఇనప తలకాయొకటి వచ్చింది! అది చూసి బుజ్జిది జడుసుకుంది!"

"కంగారుపడకండి, నేనొచ్చేస్తున్నా."

"నువ్వు రాకు. నువ్వొచ్చేలోపు ఇక్కడ వరదొస్తుంది. నేనే దీన్ని తీసుకుని ఆటోలో వస్తున్నా. గేటు దగ్గరే ఉండు, కదలకు."

తర్వాత ఎన్నిసార్లు చేసినా ఫోను కలవలేదు. వేలమంది ఒకేసారి ఫొటోలు పంపుకుంటున్న చోట సిగ్నలు ఎక్కణ్ణించి వస్తుంది? మిషనమ్మ గేటు దగ్గరే నిలబడి, లోపలికొచ్చే ప్రతివాళ్ళనీ ఆపి అడగడం మొదలుపెట్టింది.

"బాబూ, చంటిబిడ్డ కనిపించిందా? పదకొండు నెలలది. ఏడుస్తూ ఉంటుంది."

ఒకడు గుండె మీద చెయ్యి వేసుకుని వంగి నమస్కారం పెట్టాడు. ఇద్దరమ్మాయిలు కళ్ళు తుడుచుకున్నారు. నక్క చెవులు పెట్టుకున్న లావాటాయన, "ఒక్క ఫొటో అమ్మా, సీసా కాస్త పైకి పట్టుకోండి," అని బతిమాలాడు. పదినిమిషాల్లో ఆమె ముందు నలభైమంది వరస కట్టారు. ఆమె ఎంత ఏడుపు మొహం పెడితే ఫొటోలు అంత బాగా వస్తున్నాయట. నిజం చెప్పిన ప్రతిసారీ చప్పట్లు కొడుతున్నారు. మిషనమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది.

సరిగ్గా అదే సమయానికి ఆమె భర్త హాలు అవతలి పక్క ఆటో దిగాడు. డైపరుకు బదులు దిండు గలీబు చుట్టిన బిడ్డను చంకలో వేసుకుని, సంచి భుజాన తగిలించుకుని పరిగెత్తుకొచ్చాడు. అక్కడి కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"టిక్కెట్లు అయిపోయాయి సార్. ఈ గుమ్మం వేషాలవాళ్ళకే. మీ వేషం ఏది?"

"నాకు వేషమేంటయ్యా? బిడ్డకి డైపరు కావాలి!"

"వేషముంటేనే లోపలికి. నేనేం చెయ్యను సార్, రూలు."

మెకానిక్కు సంచి వంక చూశాడు. బుజ్జిది వంక చూశాడు. దిండు గలీబు ఎంతసేపు ఆగుతుందో మనసులో లెక్క వేసుకున్నాడు. ఇంకేమీ ఆలోచించకుండా అంగీ తొడుక్కుని, ఇనప ముసుగు తగిలించాడు. భుజాల కింద పెట్టే మెత్తలు సంచి అడుగునే ఉన్న సంగతి తెలియక, అంగీ వదులై జారిపోతుంటే వెనక ఒక పెద్ద మడత వేసి పిన్నీసు గుచ్చాడు. కాపలావాడు అటెన్షన్లో నిలబడి శాల్యూటు కొట్టాడు. "వెళ్ళండి దళపతీ!"

ఇటు గేటు దగ్గర కళ్ళద్దాల కుర్రది పరిగెత్తుకొచ్చింది. "పదిహేడో నంబరు నీదేగా అక్కా? పేరు పిలుస్తున్నారు, రా!"

"నేను కదలకూడదమ్మా, మా ఆయన వస్తానన్నాడు."

"స్టేజీ మీద మైకుంది కదక్కా. అందులో పిలిస్తే హాలంతా వినబడుతుంది."

మిషనమ్మకు ఆ మాట నచ్చింది. ఎనిమిది నెలలపాటు కలగన్న ఆ ముప్ఫై అడుగుల్నీ పాత స్వెటరుతో, ఎవర్నీ చూడకుండా పరిగెత్తి దాటేసింది. ముందు వరసలో జడ్జీ కుర్చీలో బక్కపలచటి పెద్దాయన కూర్చుని, పెన్సిలు నోట్లో పెట్టుకుని చూస్తున్నాడు. ఆమె ఆయన్ని గమనించనేలేదు.

"నా బిడ్డ ఎక్కడుంది?" అంది మైకులో. "బిడ్డను ఎత్తుకున్నాయన ఎక్కడున్నా సరే, ఇక్కడికి రావాలి. సీసా నా దగ్గరే ఉంది."

రెండువేలమంది ఊపిరి బిగబట్టారు.

ఆ నిశ్శబ్దంలో, హాలు వెనకనుంచి చంటిపిల్ల ఏడుపు వినిపించింది. జనం రెండుగా చీలి దారిచ్చారు. ఇనప ముసుగు, నల్ల అంగీ వేసుకున్న దళపతి, చంకలో బిడ్డతో స్టేజీ మెట్లు ఎక్కి వచ్చాడు. ఇరవై రెండు పుస్తకాలుగా కలవని తల్లీబిడ్డలు ఎదురెదురుగా నిలబడ్డారు.

"ఎక్కడ చచ్చావు ఇంతసేపూ?" అంది తల్లి.

"గేటు దగ్గరుండమంటే స్టేజీ ఎక్కావేంటే?" అన్నాడు దళపతి ముసుగులోంచి.

"పాలు పట్టారా?"

"దేంతో పట్టను? కత్తితోనా?"

మిషనమ్మ తువ్వాలు పరిచి, బిడ్డను పడుకోబెట్టి, దిండు గలీబు విప్పి, తుడిచి, డైపరు మార్చి, సీసా నోటికి పెట్టింది. నలభై సెకన్లు. బుజ్జిది ఏడుపు టక్కున ఆగింది. ఆ తర్వాత లేచిన చప్పట్లకి అది ఉలిక్కిపడి మళ్ళీ అందుకుంది. ముందు వరసలో నక్క చెవులాయన వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. "దళపతికి కూతురుందా!" అని ఎవరో గావుకేక పెట్టారు.

తలెత్తి ఆ జనాన్ని చూశాక గాని మిషనమ్మకు తానెక్కడుందో గుర్తు రాలేదు. అంగీ తన ఒంటి మీద లేదు. దాన్ని వేసుకున్న మనిషికి అందులో ఒక్క మడతా తెలీదు. ఎనిమిది నెలల కష్టం ఇలా తెల్లారిపోయిందనుకుని, బిడ్డను భుజాన వేసుకుని మెట్లు దిగబోయింది.

పదిహేడో నంబరుకే మొదటి బహుమతి ఇచ్చారు.

వెనక గదిలో పెద్దాయన, ఆయన మాటలు చెప్పే దుబాసీ కూర్చున్నారు. మిషనమ్మ గొంతు సవరించుకుంది.

"అయ్యా, అంగీకి మూడో పుస్తకంలో పదకొండు మడతలు గీశారు, తొమ్మిదో పుస్తకంలో పన్నెండు. ఏది లెక్కండీ? నేను పన్నెండు పెట్టాను. తప్పైతే విప్పేస్తాను."

దుబాసీ చెప్పింది విని పెద్దాయన రెండు ముక్కలు అన్నాడు.

"ఆయనెప్పుడూ లెక్కపెట్టలేదటండీ," అంది దుబాసీ ఇబ్బందిగా. "చెయ్యి ఎలా పోతే అలా గీసేస్తారట. ఎన్నుంటే బాగుంటుందో మిమ్మల్నే చెప్పమంటున్నారు."

భర్త ముసుగు తీసి, "దీని కోసమా ఎనిమిది నెలలు?" అన్నాడు. ఆ మాట దుబాసీ జపానులోకి మార్చలేదు. పెద్దాయన లేచి, కుట్టుపనిని వేళ్ళతో తడిమి చూసి, రెండు చేతులతో మిషనమ్మకు వంగి దణ్ణం పెట్టాడు. తర్వాత మెకానిక్కుని వెనక్కి తిరగమని, ఫోనుతో అంగీని దగ్గర్నుంచి, దూరం నుంచి ఫొటోలు తీసుకున్నాడు.

ఆరు నెలలకి ఇరవై మూడో పుస్తకం వచ్చింది. మిషనమ్మ మొదటి పేజీలోనే దళపతి వీపు పట్టుకుని, వేలు పెట్టి లెక్కపెట్టింది. రెండోసారి లెక్కపెట్టింది. పదమూడు. చివరి మడత మిగతావాటికంటే లావుగా, వంకరగా ఉంది. దాని పైన చిన్న పిన్నీసు కూడా గీశాడాయన.

అప్పట్నుంచీ లిఫ్టు బాగుచేయడానికి వెళ్ళిన ప్రతి భవనంలోనూ మెకానిక్కు ఆ పుస్తకం తీసి, మొదటి పేజీ చూపించాకే పని మొదలుపెడుతున్నాడు.